కాస్త పుచ్చుకోండి

శవాన్ని చూడకముందే ఇన్‌స్పెక్టర్ ఓర్నెల్లా స్కియాఫీనోకి ఆ రోజు మీద రోత పుట్టింది.

ఇటలీలో జెనోవా నుంచి సాంతెరాజ్మోకి రైల్లో రెండు గంటల దారి. పొద్దున ఎక్కిన మనిషి సాయంత్రానికి దిగింది. రైల్వే వాళ్ళ సమ్మె. పొద్దున పూట మటుకు బళ్ళు నడుపుతామని ముందే చెప్పారు. నడిపారు కూడా. ఆ పూట కాస్తా రెండు సొరంగాల నడుమ, పిట్ట వాలడానికి చెట్టైనా లేని ఒక బుల్లి స్టేషన్లో ముగిసింది. డ్రైవరు టోపీ తీసి చంకలో పెట్టుకుని ఎదురుగా ఉన్న కాఫీ కొట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. మళ్ళీ సాయంకాలం బళ్ళు మొదలయ్యేదాకా జూలై ఎండలో ఇనప పెట్టెల్లో జనం ఉడికారు. మధ్యాహ్నానికే మరుగుదొడ్డి పొంగింది. ఎవరి సంచీలోదో చీజు కరిగి నడవాలోకి కారింది. దాన్ని తొక్కిన చెప్పులు పెట్టెంతా తిరిగాయి. ఓర్నెల్లా పక్కన కూర్చున్న పెద్దమనిషి బూట్లు విప్పి, మేజోళ్ళు కిటికీకి ఆరేసి, "ఏం చేస్తాం మేడమ్, ఇదీ మన దేశం" అని వేదాంతం చెప్పాడు.

నాలుగు రోజుల సెలవు ఆమెది. దిగి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, సముద్రం వైపు తలైనా తిప్పకుండా పడుకుందామనుకుంది. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టిందో లేదో, వెనక పెట్టెలోంచి ఆడమనిషి కేక వినిపించింది.

ఆరుగురు కూర్చునే గదిలో, కిటికీ పక్క మూలకి, ప్రాణం పోయి ఒరిగి ఉన్నాడు ఎవరిస్తో కనేపా. అరవై ఆరేళ్ళవాడు, గుండె జబ్బు మనిషి, సాంతెరాజ్మో రేవులో ఇల్లున్నవాడు. కేక వేసింది అతని అక్క ఎర్మెలిందా. డెబ్బై దాటిన అవివాహిత. తమ్ముణ్ణి కళ్ళల్లో పెట్టుకు చూసుకుందని ఊరంతా చెప్పుకుంటుంది. టికెట్ కలెక్టరు ఆమెను చెయ్యి పట్టి కిందికి దింపి, స్టేషన్ విశ్రాంతి గదిలో కూర్చోబెట్టాడు.

ఊరి పోలీసులు వచ్చి హడావిడి చేసి దిగాక, ఓర్నెల్లా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. వాంతి వాసన గుప్పున కొట్టింది. ఎండకి పులిసిన వాంతి.

"ఓహో, ఇన్‌స్పెక్టరమ్మ గారా!" వెనకనుంచి గొంతు. "సెలవు మీద వచ్చారట కదా. సముద్రం అటు పక్కనండీ."

ఆ గొంతు ఎవరిదో తిరిగి చూడనక్కర్లేదు. గావినో పిరాస్, ఈ ఊరి ఠాణా అధికారి. రెండేళ్ళ కిందట సిగరెట్ల దొంగరవాణా కేసులో అతను పట్టుకున్నవాడు దొంగ కాదని ఓర్నెల్లా తేల్చింది. ఆ సంగతి అతను మర్చిపోలేదు. ఆమెను మర్చిపోనిచ్చేవాడూ కాదు.

"శవం రైల్లో ఉంది పిరాస్ గారూ. నేనూ ఆ రైల్లోనే వచ్చాను. కాసేపు చూస్తే మీ సొమ్మేం పోదు."

"చూడండి చూడండి. చూడ్డానికేముంది, కేసైపోయింది. హంతకుడు దొరికాడు." పిరాస్ తలుపుకి ఆనుకుని మీసం దువ్వుకున్నాడు. "ఈ గదిలో ముగ్గురే. ముసలాయన, ఆయన అక్క, ఒక డచ్చివాడు. వీపు మీద సంచీ, మోకాళ్ళ దాకా లాగు, ఆ బాపతు. బండి ఆగినప్పుడు కిటికీ దగ్గర పెద్ద రగడ. వాడు తెరుస్తానంటాడు, ఈయన వద్దంటాడు. పెట్టె పెట్టెంతా విన్నది. చివరికి వాడే గెలిచి బార్లా తెరిచాడు. తర్వాత ముసలాయన ఒంటరిగా దొరికాడు, కండువాతో గొంతు బిగించాడు. ఇదిగో, కండువా మెడకే ఉంది. జూలైలో కండువా ఎవరు చుట్టుకుంటారండీ?"

"మీకు చిన్నప్పుడు అమ్మ చుట్టలేదా?"

"నా సంగతి వదిలెయ్యండి."

ఓర్నెల్లా మోకాళ్ళ మీద కూర్చుంది. నేల జిగటగా ఉంది. లేచిపోవాలనిపించింది. పెన్సిలు కొసతో పట్టు కండువాని కొంచెం పైకెత్తింది. చొక్కా ముందు భాగమంతా పచ్చగా ఎండిపోయిన వాంతి. మెడ పట్టీ దాకా పాకింది, కండువా కిందికి కూడా పోయింది. కండువా మీద మాత్రం చుక్క లేదు. రెండు కొసలూ చొక్కాలోకి శుభ్రంగా దోపి ఉన్నాయి. ముడి వదులుగా, కాస్త పక్కకి, పసిపిల్లలకి కట్టినట్టు ఉంది. మెడ మీద కమిలిన గుర్తు లేదు. పెదాల చుట్టూ ఎవరో తడిగుడ్డతో తుడిచారు.

"ఇలా వంగి చూడండి పిరాస్ గారూ."

"ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది లెండి." అతను ముక్కు మూసుకున్నాడు.

"వాంతి కింద, కండువా పైన. అంటే కక్కుకున్నాక కట్టారు. మూతి తుడిచి మరీ కట్టారు. గొంతు పిసికేవాడు మూతి తుడుస్తాడా?"

"తుడిచాడేమో. వాళ్ళ దేశంలో శుభ్రం ఎక్కువ."

"మరి ఈ కిటికీ ఎవరు మూశారు?"

పిరాస్ కిటికీ వైపు చూశాడు. ఆ బళ్ళల్లో అద్దం కిందికి దించితే తెరిచినట్టు, పైకి లేపితే మూసినట్టు; ఇప్పుడు చివరిదాకా పైకి లేచి ఉంది, గొళ్ళెం పడి ఉంది.

"నేను కాదు. నేను వచ్చేసరికే మూసుంది. టికెట్ కలెక్టరూ ముట్టుకోలేదన్నాడు."

"గాలి కోసం అంత రగడ చేసి తెరిపించుకున్న మనిషి, ఆయన్ని చంపి, ఆ తర్వాత ఆయన కోరుకున్నట్టే కిటికీ మూసి వెళ్ళాడంటారా?"

"బయటివాళ్ళు చూడకుండా మూశాడు."

"చూడకుండా ఉండటానికి తెర చాలు. తెర వేసే ఉంది. అద్దం ఎందుకు మూయాలి, అదీ ఇంత ఎండలో?"

పిరాస్ గడియారం చూసుకున్నాడు. "చూడండమ్మా. మెజిస్ట్రేటు గారు బయల్దేరారు. విలేకరికి ఫోన్ చేశాను. రాత్రిలోగా డచ్చివాణ్ణి జెనోవా జైలుకి పంపించేస్తాను. కండువా ముడి చూసి వదిలిపెట్టానంటే రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. నోటితో ఒప్పుకున్న మనిషిని తెచ్చి చూపించండి, అప్పుడు మాట్లాడతా."

ఆ విలేకరి మాట వినగానే ఓర్నెల్లా రుమాలు మడిచి బయటికి నడిచింది. నోట్లో పొద్దుటి కాఫీ చేదు ఇంకా ఉంది.

ప్లాట్‌ఫారం మీద ఇద్దరు కానిస్టేబుళ్ళ నడుమ, చేతులకి సంకెళ్ళతో, స్తంభానికి ఆనుకుని ఉన్నాడు డచ్చివాడు. పేరు వౌటర్, ముప్ఫై దాటి ఉంటాయి, బడి పంతులు. మొహం పిండిలా పాలిపోయి ఉంది. భయం అనుకుంది ఓర్నెల్లా. ఆ స్థితిలో ఎవరికి ఉండదు?

"ఏం జరిగింది, చెప్పండి. మెల్లిగా చెప్పండి."

"నేను కిటికీ. కిటికీ మాత్రమే," అన్నాడతను వచ్చీరాని భాషలో. "గాలి లేదు. అరుచుకున్నాం. తర్వాత ముసలాయన, నేను, మంచిగా అయిపోయాం. నేను కిందికి దిగా. కుళాయి దగ్గర, నేల మీద పడుకున్నా. బండి కదిలింది, ఎక్కా. ఆయన నిద్ర. కిటికీ మూసి. నేను మళ్ళీ గొడవ వద్దు అనుకున్నా. నడవాలో నిలబడ్డా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నా భార్య గుడారాల మైదానంలో ఉంది. చూస్తూ ఉంటుంది. ఆమెకి చెప్పండి, దయచేసి. నా కడుపులో తిప్పుతోంది."

"ఇప్పుడు తిప్పుతుంది మరి. అంతా నాటకం," అన్నాడు పిరాస్. కానిస్టేబుళ్ళు నవ్వారు. వౌటర్‌ని నడిపించుకుంటూ స్టేషన్ బయటికి తీసుకెళ్ళిపోయారు. ఆ నవ్వు ఓర్నెల్లాకి మురుక్కాలవ పక్కన నిలబడ్డట్టు అనిపించింది.

విశ్రాంతి గదిలో ఎర్మెలిందా నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచీ, కాళ్ళ దగ్గర తిండి బుట్ట. కళ్ళు పొడిగా ఉన్నాయి. పిరాస్ కూడా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, సిగరెట్టు ముట్టించాడు. "పెద్దావిణ్ణి ఏడిపించకండి," అని ముందే ఒక మాట పడేశాడు.

"అమ్మా, మీ తమ్ముణ్ణి చివరిసారి ప్రాణాలతో ఎప్పుడు చూశారు?"

"ఆ కిటికీ గొడవయ్యాక నేను దిగిపోయానమ్మాయ్. లోపల ఉడికిపోతోంది. స్టేషన్ గోడ నీడలో ఇద్దరు మఠం సిస్టర్లు కూర్చుంటే వాళ్ళ పక్కన చేరా. సాయంత్రం బండి కదిలాక వాళ్ళ పెట్టెలోనే వచ్చా. ఊరొచ్చాక వీణ్ణి లేపుదామని వెళితే..." చెయ్యి గాల్లో ఊపి ఊరుకుంది.

"మధ్యలో ఒక్కసారైనా గదిలోకి వెళ్ళలేదా?"

"లేదు."

"మీరు దిగేటప్పుడు కిటికీ ఎలా ఉంది?"

"బార్లా తీసి ఉంది. ఆ దేశంకాని వాడు తీసిందే."

"కండువా?"

"వాడే చుట్టుకున్నాడేమో. ఏం, చేతులు లేవా?"

ఓర్నెల్లా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సూటిగా అడుగుతున్నాను. మీరే చంపారని నేననుకుంటే?"

"అనుకో అమ్మాయ్. పోలీసువాళ్ళు అనుకోక ఇంకేం చేస్తారు?" ఎర్మెలిందాకి చీమ కుట్టినట్టయినా లేదు. సంచీ పట్టీ సవరించుకుంది.

తలుపు దగ్గర పిరాస్ గొంతులోనే నవ్వాడు.

ఓర్నెల్లా ఆ ముసలామె చేతుల వైపు చూస్తూ కూర్చుంది. ఇలాంటి చేతుల్లోనే పెరిగింది తను. తలస్నానం చేసి గుమ్మం దాటితే వీపు మీద దెబ్బ పడేది. చెమట ఒంటితో కిటికీ పక్కన నిలబడితే, మెడకి గాలి కొడుతుంది, మంచాన పడతావు అని మేనత్త ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఈ తీరంలో ఆడవాళ్ళు దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా, మెడకి కొట్టే గాలిని మాత్రం నమ్ముతారు. హంతకురాలివి అంటే ఈమె చలించలేదు. చలించేది వేరే మాటకి.

"సరే. చంపలేదు, ఒప్పుకుంటాను." ఓర్నెల్లా కావాలనే గొంతు పెంచింది. "కానీ మీరు చేసింది తక్కువ పనేం కాదు. గుండె జబ్బు మనిషి. ఒళ్ళంతా చెమటలు. ఇటు తలుపు తీసుంది, అటు కిటికీ బార్లా తీసుంది, మధ్యలో కూర్చోబెట్టారు. పైన చొక్కా తప్ప ఏం లేదు. అలా వదిలేసి మీరు నీడలో కబుర్లకి వెళ్ళారు."

"అమ్మాయ్..."

"వాంతి చేసుకుంటే మొహం తుడిచే దిక్కు లేదు. పూట పూటంతా చెమట మెడ మీద ఎదురుగాలి కొట్టింది. చంపడం ఏముంది, ఎవరైనా చంపుతారు. సొంత తమ్ముణ్ణి మీరు గాలికొదిలేశారు. రేపు రేవులో ఆడవాళ్ళు చెప్పుకునేది అదే. ఎర్మెలిందా తమ్ముణ్ణి గాలికొదిలేసింది."

ముసలామె ఒళ్ళోని సంచీ పక్కన పెట్టేసింది.

"గాలికొదిలేశానా! నేనా!" లేచి నిలబడింది. "వాడికి నాలుగో ఏట ఊపిరితిత్తులకి చలి పట్టింది. మా అమ్మ చేతులెత్తేసింది. నేను, పదేళ్ళదాన్ని, గుండెలకి హత్తుకుని బతికించా. అప్పట్నుంచీ ఒక్క రోజు, ఒక్క రోజు వాడి మెడకి గాలి తగలనిచ్చానా? అడుగు, ఊరంతా అడుగు! కిటికీ మూసింది ఎవరనుకున్నావ్? నేనే మూశా. మూతి తుడిచి, నా పెట్టెలోంచి ఉతికిన కండువా తీసి, నేనే కట్టా. కొసలు లోపలికి దోపి మరీ కట్టా. గాలికొదిలేశానంటా!"

పిరాస్ సిగరెట్టు వేళ్ళ మధ్యే కాలుతోంది.

తను ఏమన్నదో ఎర్మెలిందాకి అప్పుడు అర్థమైంది. మెల్లిగా కూర్చుంది. చేతిసంచీ తెరిచి, చిన్న గోధుమరంగు సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీది.

"వాడి గుండె మందు చుక్కలు. రోజూ నేనే వేస్తా. ఇవాళ అన్నీ వేసేశా, నిమ్మనీళ్ళల్లో."

"ఎందుకు?"

"రేవులో మా నాన్న ఇల్లు హోటలు వాళ్ళకి అమ్మేశాట్ట. నన్ను కొండ మీద సిస్టర్ల ముసలాళ్ళ ఆశ్రమంలో పడేస్తాట్ట, సోమవారం నుంచి. ఇవాళ పొద్దున చెప్పాడు, బండి కదిలాక. ఆ పరాయివాడి ఎదురుగుండా, నవ్వుకుంటూ. 'అక్కడ గాలి బాగుంటుంది లిందా' అన్నాడు." ఆమె పెదాలు వంకర తిరిగాయి. "నాకు, గాలి బాగుంటుందని చెప్పాడు."

"కండువా ఎప్పుడు కట్టారు?"

"వాంతయ్యాక. మనసుండబట్టక మళ్ళీ వెళ్ళి చూశా. ఊపిరి ఇంకా తీస్తున్నాడు. 'లిందా, చలేస్తోందే' అన్నాడు. మూశా. కట్టా. చెయ్యి పట్టుకుని కూర్చున్నా, అయిపోయేదాకా."

"చనిపోతున్నాడని తెలిసి?"

"తెలుసు. అయినా చలేస్తోందన్నాడు కదమ్మాయ్."

ఓర్నెల్లా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆ చేతులు విషం కలిపాయి, ఆ చేతులే మూతి తుడిచాయి, రెండిటికీ ఒకే శ్రద్ధ. ఆ శ్రద్ధే ఆమెకి వాంతి కంటే ఎక్కువ ఓకరింత తెప్పించింది. తన మేనత్త మీద కూడా, తన మీద కూడా ఏవగింపు కలిగింది. మేనత్త గాలి మాటే వాడి ఒక ముసలిదాన్ని పడగొట్టినందుకు లోపలెక్కడో గర్వం కూడా మెదిలింది. దాన్ని తలుచుకుంటే ఇంకా అసహ్యం వేసింది.

"విన్నారుగా," అంది పిరాస్‌తో. "నోటితో ఒప్పుకున్న మనిషి కావాలన్నారు. డచ్చివాణ్ణి వదిలెయ్యండి. వాళ్ళావిడకి కబురు పంపండి."

"వదిలేద్దాం లెండి," అన్నాడు పిరాస్ నేల చూపులు చూస్తూ. "కాయితాలు రాయాలి. విలేకరికి ఏదో ఒకటి చెప్పాలి. కాస్త టైం పడుతుంది. ఒక్క పూట లోపలుంటే అరిగిపోడు."

వాదించే ఓపిక లేదు ఆమెకి. అయినా అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. మెజిస్ట్రేటు ముందు చెప్పాల్సి వస్తుంది.

"ఒక్క మాట, అమ్మా. మీరు నిమ్మనీళ్ళు కలిపి మీ తమ్ముడికిచ్చినప్పుడు ఆ డచ్చాయన గదిలోనే ఉన్నాడా?"

"ఎదురుగుండానే. కిటికీ గొడవ అప్పుడే చల్లారింది. ఇద్దరూ రొప్పుతూ కూర్చున్నారు."

"అతను చూస్తుండగానే పోశారా?"

"చుక్కలు నడవాలో కలిపా. పోసింది మాత్రం అక్కడే." ముసలామె ఓర్నెల్లాని వింతగా చూసింది. "ఎదురుగా మనిషిని పెట్టుకుని ఉత్తినే ఎలా తాగుతారమ్మాయ్? మా పెంపకం అలాంటిది కాదు. మర్యాదకి నేనూ అన్నా, 'కాస్త పుచ్చుకోండి' అని."

రైల్లో మూట విప్పిన ప్రతివాడూ అనే మాటే అది. ఓర్నెల్లా ఆ రోజే ఐదారుసార్లు విని ఉంటుంది. అన్నవాడికి ఇవ్వాలని ఉండదు, విన్నవాడు తీసుకోడు. "అబ్బే, మీరు కానివ్వండి" అనాలి. ఆ మాట ఈ దేశంలో పసివాళ్ళకి కూడా తెలుసు.

ఈ దేశంలో పుట్టినవాళ్ళకి.

"అతనేమన్నాడు?" ఓర్నెల్లా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఏమంటాడు, వాడికేం తెలుసు! చెయ్యి చాపాడు." ఎర్మెలిందా మొహంలో మొదటిసారిగా చిరాకు కనిపించింది. "గ్లాసుడు తాగాడు. ఇంకొంచెం కూడా అడిగాడు, సిగ్గులేకుండా."

"మీరు పోశారా?"

"ఇస్తానని చెప్పి వెనక్కి లాక్కుంటే ఏం బాగుంటుంది?"

మొహం పాలిపోవడం. కడుపులో తిప్పడం. కిటికీ గురించే అడిగాం, ఏం తాగావని ఒక్కరమూ అడగలేదు. ఓర్నెల్లా ఒక్క గెంతులో గోడ ఫోను దగ్గరికి వెళ్ళింది. "ఠాణా నంబరు! పిరాస్, నంబరు చెప్పండి! డాక్టరుకి ఎవరైనా పరిగెత్తండి!"

పిరాస్ ఆమెను తోసుకొచ్చి తనే తిప్పాడు. వేళ్ళు రెండుసార్లు తప్పాయి. అవతల కానిస్టేబులు ఎత్తాడు. పిరాస్ "ఆ డచ్చివాడు..." అని మాత్రం అనగలిగాడు.

కానిస్టేబులు గొంతు హుషారుగా గదంతా వినిపించింది.

"ఇప్పుడే సర్దుకున్నాడు సార్. ఇందాకంతా కక్కి కక్కి పోశాడు. డాక్టరు, డాక్టరు అని ఊచలు పట్టుకుని ఒకటే గోల. మీరు నాటకం అన్నారు కదా అని నేను అటుకేసి తొంగి చూడలేదు. ఇప్పుడు హాయిగా పడుకున్నాడు. పిలిచినా పలకట్లేదు."